కుక్కకు ప్రోబయాటిక్ ఎప్పుడు, ఏది, ఎలా ఇవ్వాలి

కుక్కకు విరేచనాలు పట్టుకున్నాయనగానే ఏదో ఒక ప్రోబయాటిక్ పొడి తెచ్చి తిండిలో కలపడం చాలా ఇళ్లలో అలవాటైంది. కొన్ని సందర్భాల్లో అది నిజంగా మేలు చేస్తుంది, కొన్నిటిలో ఏ మార్పూ తీసుకురాదు, ఇంకొన్నిటిలో మాత్రం లోపలి జబ్బు ముదిరేదాకా వైద్యుడి దగ్గరకు వెళ్లకుండా కాలయాపన చేయిస్తుంది. ఈ మూడింటిలో ఏది జరుగుతుందన్నది ఎక్కువగా ఒక విషయాన్ని బట్టి తేలుతుంది: ఆ పొడిని ఏ పని కోసం ఇస్తున్నామో, ఎన్నాళ్లు ఇచ్చి ఫలితం చూడాలో మొదటి మోతాదుకు ముందే నిర్ణయించుకున్నామా లేదా అన్నది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ నిర్ణయాన్ని సరిగ్గా తీసుకోవడానికి ఉద్దేశించినవే.

పేగులో ఇవి చేసే పని

తగినంత మోతాదులో ఇచ్చినప్పుడు తీసుకున్న ప్రాణికి ఆరోగ్యపరంగా మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయాటిక్‌లని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఏర్పాటు చేసిన నిపుణుల బృందం 2001లో నిర్వచించింది. ఆ సూక్ష్మజీవులు బతికి ఉండాలి, సరిపడినన్ని ఉండాలి, వాటివల్ల మేలు కలుగుతుందని తేలి ఉండాలి. అంగట్లో దొరికే సరుకులో చాలా భాగం ఈ మూడింటిలో ఏదో ఒకచోట తప్పుతుంది కాబట్టి ఈ నిర్వచనాన్ని మనసులో పెట్టుకోవడం మంచిది.

ఆరోగ్యంగా ఉన్న కుక్క పెద్దపేగులో వందల రకాల బ్యాక్టీరియా నివసిస్తాయి. అరగకుండా మిగిలిన పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు ప్రధానమైన ఇంధనం ఆ బ్యూటిరేటే. కాలేయం నుంచి వచ్చే పైత్యరస ఆమ్లాలను మరో రూపంలోకి మార్చి, హానికరమైన క్లాస్ట్రిడియాల వంటి వాటిని పెరగనీయకుండా చూసే బ్యాక్టీరియా కూడా అక్కడే ఉంటుంది. బయటి నుంచి ఇచ్చే ప్రోబయాటిక్ ఈ స్థానిక సమాజానికి బదులు కాదు. కడుపులోని ఆమ్లాన్ని, పైత్యరసాన్ని తట్టుకుని పేగు చేరినన్ని రోజులు అది ఆహారం కోసం, చోటు కోసం హానికర సూక్ష్మజీవులతో పోటీపడుతుంది. తన చుట్టూ ఆమ్లతను పెంచుతుంది. పేగు పొరలోని కణాల మధ్య అతుకులు బిగువుగా ఉండేలా తోడ్పడుతుంది. ఇవ్వడం మానేసిన కొద్ది రోజులకే మలంలో దాని జాడ తగ్గిపోతుంది. అంటే ఒకసారి కోర్సు వాడితే ఆ బ్యాక్టీరియా పేగులో శాశ్వతంగా కాపురం పెడుతుందన్న ప్రచారంలో నిజం లేదు.

రోగనిరోధక శక్తి విషయంలో ఎంత ఆశించవచ్చు

శరీరంలోని రోగనిరోధక కణాలలో చాలా పెద్ద భాగం పేగు గోడను ఆనుకునే ఉంటుంది. తిండితో పాటు లోపలికి వచ్చే ప్రతిదానిలో దేన్ని సహించాలో, దేన్ని ఎదుర్కోవాలో ఆ కణాలు నేర్చుకునేది అక్కడే. పేగు ఉపరితలాన్ని కాపాడే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఏ అనే ప్రతిరక్షకం తయారయ్యేది కూడా అక్కడే. కనుక పేగులోని సూక్ష్మజీవులు మారితే నిరోధక వ్యవస్థ స్పందన కూడా కొంత మారుతుందనడం సహేతుకమే. 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎంటరోకాకస్ ఫీసియం ఎస్‌ఎఫ్ 68 అనే ప్రోబయాటిక్ బ్యాక్టీరియా కలిపిన ఆహారాన్ని తల్లిపాలు మరిచిన దగ్గర నుంచి ఏడాది వయసు వరకు తిన్న కుక్కపిల్లల మలంలో ఈ ప్రతిరక్షకం ఎక్కువగా కనిపించింది. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుకు వేసే టీకాకు వాటి శరీరం ఇచ్చిన స్పందన కూడా మెరుగ్గా ఉంది.

ఇది ఆశ కలిగించే ఫలితమే. అయితే దీన్ని పట్టుకుని పొడి వేస్తే జబ్బులు రావని చెప్పడం సాహసం అవుతుంది. రక్తంలోనో మలంలోనో ఒక సూచిక పెరగడం వేరు, కుక్క నిజంగా తక్కువసార్లు జబ్బు పడడం వేరు. అదే ఎస్‌ఎఫ్ 68ను 2011లో ఒక జంతు ఆశ్రయంలో పరీక్షించినప్పుడు, రెండు రోజులు లేదా అంతకంటే ఎక్కువ విరేచనాలతో బాధపడిన పిల్లుల సంఖ్య తగ్గింది కానీ కుక్కలలో మాత్రం లెక్కకు నిలిచే తేడా కనిపించలేదు. చర్మపు ఎలర్జీల మీద జరిగిన ప్రయోగాలలోనూ కొన్ని ప్రతిరక్షకాల స్థాయి తగ్గినంత స్పష్టంగా దురద తగ్గలేదు. కాబట్టి రోగనిరోధకత కోసం ప్రోబయాటిక్ ఇవ్వాలనుకునేవారు దాన్ని టీకాలకు, నట్టల మందుకు, సమతులాహారానికి తోడుగా మాత్రమే చూడాలి. ఆ మూడింటిలో ఏ ఒక్కటి వెనకబడి ఉన్నా ముందు దాన్ని సరిచేయడమే కుక్కకు ఎక్కువ మేలు.

ఇవ్వకముందు కుక్కను పరిశీలించండి

మొదట చూడవలసినది చిగుళ్లు. కుక్క పై పెదవిని మెల్లగా ఎత్తి, కోరపంటి పైనున్న చిగురును వేలితో ఒకసారి నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడిన మచ్చ రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు తిరగాలి. చిగురు తడిగా, నున్నగా తగలాలి. వేలికి బంకగా అంటుకుంటే ఒంట్లో నీరు తగ్గుతోందని అర్థం. భుజాల మధ్య చర్మాన్ని పైకి లాగి వదిలినప్పుడు అది వెంటనే సర్దుకోకుండా మడతగా నిలిచినా అదే సూచన. చిగుళ్లు పాలిపోయినా, ముదురు ఎరుపుకు తిరిగినా ప్రోబయాటిక్ గురించి ఆలోచించే సమయం కాదది. కుక్కను వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

తర్వాత మలాన్ని చూడాలి. చాలామంది దీన్ని చూడకుండానే ఎత్తి పారేస్తారు, కానీ ఇంట్లో కూర్చుని చేయగలిగిన పరీక్షల్లో ఇంతకంటే విలువైనది లేదు. కొద్దికొద్దిగా, పదేపదే, ముక్కుతూ, జిగురుతోనో ఎర్రటి రక్తపు చారలతోనో వెళుతుంటే ఇబ్బంది ఎక్కువగా పెద్దపేగులో ఉందని భావించవచ్చు. ఒక్కొక్కసారి పెద్ద మొత్తంలో పలచగా వెళుతూ, బరువు కూడా తగ్గుతూ ఉంటే చిన్నపేగు సంగతి చూడాలి. తారులా నల్లగా, జిగటగా ఉన్న మలం పై భాగంలో రక్తస్రావానికి గుర్తు.

కింది పరిస్థితుల్లో ఇంటి ప్రయత్నాలు మాని వైద్యుణ్ణి కలవాలి:

- నల్లటి మలం, లేదా మలంలో చారలను మించి రక్తం
- పదేపదే వాంతులు, తాగిన నీరు కూడా నిలవకపోవడం
- కదలడానికి ఇష్టపడని నీరసం, జ్వరం, పొట్ట ముట్టుకుంటే నొప్పి
- టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు విరేచనాలు
- రెండు మూడు రోజులైనా తగ్గని విరేచనాలు, లేదా తగ్గుతూ మళ్లీ మళ్లీ తిరగబెట్టడం

కుక్కపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పార్వో వైరస్ సోకిన పిల్ల ఉదయం కాస్త డల్‌గా కనిపించి, మర్నాటికల్లా ప్రాణాపాయ స్థితికి చేరవచ్చు. అలాంటి పిల్లకు సెలైన్, వాంతులు ఆపే మందులు, నిరంతర పర్యవేక్షణ అవసరం. పొడి ఇచ్చి ఒక రోజు చూద్దామనుకుంటే ఆ ఒక్క రోజే చేయి దాటిపోతుంది.

మూడు వారాలకు మించి విరేచనాలు సాగితే అది దీర్ఘకాలిక సమస్య కింద లెక్క. జియార్డియా అనే పేగు పరాన్నజీవి, కొంకిపురుగులు, ఆహారం పడకపోవడం, క్లోమం తగినన్ని ఎంజైములను విడుదల చేయకపోవడం, బి12 లోపం, అడ్రినల్ గ్రంథి బలహీనత వంటివన్నీ పైకి ఒకేలా కనబడతాయి. తాజా మలాన్ని పరీక్షకు ఇవ్వడం వీటిలో కొన్నింటిని తేల్చడానికి చౌకైన, సులువైన మార్గం. ఒక్క నమూనాలో జియార్డియా కనబడకపోయినంత మాత్రాన లేదని తీర్మానించకూడదు. అది మలంలో రోజూ పడదు కనుక విడివిడి రోజుల నమూనాలు ఇవ్వమని వైద్యులు అడగవచ్చు.

ఏ పనికి ఏది

ప్రోబయాటిక్ విషయంలో అందరూ పొరబడేది ఇక్కడే. లాక్టోబాసిల్లస్ అని ఉంటే చాలు, అన్నీ ఒకటేననుకుంటారు. నిజానికి ఒకే జాతిలోని రెండు స్ట్రెయిన్లు, అంటే ఉపరకాలు, పేగులో పూర్తిగా వేర్వేరుగా ప్రవర్తించవచ్చు. ఒకదానిపై జరిగిన పరిశోధన మరొకదానికి వర్తించదు. అందుకే లేబుల్ మీద ప్రజాతి, జాతి పేర్ల తర్వాత వచ్చే అక్షరాలు, అంకెలే అన్నిటికంటే ముఖ్యం. పేర్ల విషయంలో మరో చిన్న గందరగోళం ఉంది: 2020లో శాస్త్రవేత్తలు పాత లాక్టోబాసిల్లస్ ప్రజాతిని 25 ప్రజాతులుగా విడదీశారు. ఒక డబ్బా మీద లాక్టోబాసిల్లస్ ర్యామ్నోసస్ అనీ, మరో డబ్బా మీద లాక్టికేసిబాసిల్లస్ ర్యామ్నోసస్ అనీ కనిపిస్తే రెండూ ఒకే జాతి. స్ట్రెయిన్ గుర్తు మాత్రం మారదు, పోల్చుకోవడానికి దాన్నే పట్టుకోవాలి.

అకస్మాత్తుగా వచ్చిన మామూలు విరేచనాలకు బిఫిడోబ్యాక్టీరియం యానిమాలిస్ ఏహెచ్‌సీ 7 అనే స్ట్రెయిన్‌పై 2009లో అధ్యయనం వెలువడింది. అది కుక్కల పేగు నుంచే వేరుచేసినది. దాన్ని తీసుకున్న కుక్కలు సగటున 3.9 రోజుల్లో కోలుకోగా, ఉత్తుత్తి మందు తీసుకున్నవి 6.6 రోజుల్లో కోలుకున్నాయి. 2010లో మరో మిశ్రమంతో జరిగిన ప్రయోగంలో ఈ తేడా 1.3 రోజులకు, 2.2 రోజులకు మధ్య మాత్రమే ఉంది. 2019లో ఒక ప్రోబయాటిక్ మిశ్రమాన్ని, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌ను, ఉత్తుత్తి మందును పోల్చి చూసినప్పుడు కోలుకోవడానికి వరుసగా 3.5, 4.6, 4.8 రోజులు పట్టింది. గణాంకాల ప్రకారం ఆ తేడాను నమ్మదగినదిగా పరిగణించలేదు. వీటన్నిటినీ కలిపి చూసినప్పుడు నాకు తోచేది ఇది: ఆరోగ్యంగా ఉండే ఎదిగిన కుక్కకు వచ్చే మామూలు విరేచనాలు ఎలాగూ కొద్ది రోజుల్లో తగ్గుతాయి, సరైన ప్రోబయాటిక్ ఆ గడువును కొంత తగ్గించవచ్చు. అంతకుమించి ఆశ పెట్టుకోకూడదు. అదే సమయంలో, తేలికపాటి విరేచనాలకు అలవాటుగా మెట్రోనిడజోల్ వేయడం వల్ల ఒరిగేదేమీ లేదన్న సంగతి కూడా ఆ ఫలితాల్లోనే ఉంది. ఆరోగ్యమైన కుక్కలకు రెండు వారాలు మెట్రోనిడజోల్ ఇచ్చి పరిశీలించిన 2020 నాటి అధ్యయనంలో, మందు ఆపిన నాలుగు వారాలకు కూడా పేగులోని కొన్ని మేలు చేసే బ్యాక్టీరియా పూర్వస్థితికి రాలేదు. పాత చీటీ చూసి ఆ మాత్రలు ఇంట్లోనే వేసేవారు ఈ విషయాన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

యాంటీబయాటిక్ తప్పనిసరైనప్పుడు శాక్రోమైసిస్ బౌలార్డీ మంచి ఎంపిక. ఇది బ్యాక్టీరియా కాదు, ఒక రకం ఈస్ట్. అందుచేత యాంటీబయాటిక్ దీన్ని చంపదు. 1920ల్లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ బూలార్ ఇండోచైనాలో పండ్ల తొక్కల మీద దీన్ని గుర్తించి వేరుచేశాడు. ఫంగస్ మందులు వాడుతున్న కుక్కకు మాత్రం ఇది పనికిరాదు, ఆ మందులే దీన్ని చంపేస్తాయి.

దీర్ఘకాలిక పేగువాపు ఉన్న కుక్కలలో ఎక్కువ స్ట్రెయిన్లున్న, చాలా ఎక్కువ మోతాదు గల మిశ్రమాలపై పరిశోధన జరిగింది. 2014లో వెలువడిన ఒక ప్రయోగంలో 20 కుక్కలను రెండు జట్లుగా చేసి, 60 రోజుల పాటు ఒక జట్టుకు అలాంటి మిశ్రమాన్ని, మరో జట్టుకు స్టెరాయిడ్, మెట్రోనిడజోల్ కలిపి ఇచ్చారు. రెండు జట్లూ కోలుకున్నాయి. ప్రోబయాటిక్ జట్టులో పేగుకు మేలు చేసే ఫీకాలిబ్యాక్టీరియం పెరిగింది. ఇరవై కుక్కల ప్రయోగం చిన్నదే కనుక దీన్ని చూసి ఎవరూ స్టెరాయిడ్‌ను సొంతంగా మానిపించకూడదు. కానీ వైద్యుడితో మాట్లాడేటప్పుడు ఈ మార్గాన్ని ప్రస్తావించడానికి ఇది చాలినంత ఆధారం.

లేబుల్ చదవడం

కెనడా పరిశోధకులు 2011లో జంతువుల కోసం అమ్మే 25 ప్రోబయాటిక్‌లను పరీక్షించినప్పుడు, లేబుల్ వివరాలు సక్రమంగా ఉండి, చెప్పినంత సంఖ్యలో సజీవ బ్యాక్టీరియా కూడా ఉన్నవి రెండే తేలాయి. కొన్నిటి మీద బ్యాక్టీరియా పేరే తప్పుగా ఉంది. ఇదంతా జరిగి చాలా ఏళ్లయినా, కొనేముందు లేబుల్‌ను కళ్లు పెట్టి చూడవలసిన అవసరం ఏమాత్రం తగ్గలేదు.

ముందుగా స్ట్రెయిన్ గుర్తు కోసం వెతకాలి. కేవలం ఎంటరోకాకస్ ఫీసియం అని రాసి ఊరుకుంటే అది అసంపూర్ణం. ఎస్‌ఎఫ్ 68 అనో, దాని మరో పేరైన ఎన్‌సీఐఎంబీ 10415 అనో ఉంటే ఏమి కొంటున్నామో తెలుస్తుంది. ఈ జాతి విషయంలో గుర్తు ఉండి తీరాలి, ఎందుకంటే ఎంటరోకాకస్ ఫీసియంలో మందులకు లొంగని ప్రమాదకరమైన స్ట్రెయిన్లు కూడా ఉన్నాయి.

ఆ తర్వాత సంఖ్య. దీన్ని సీఎఫ్‌యూ అనే ప్రమాణంలో రాస్తారు. పెంచినప్పుడు కాలనీగా ఎదగగల సజీవ కణాల లెక్క అది. ఈ సంఖ్య గ్రాముకా, చెంచాకా, మాత్రకా అన్నది చూడాలి. ఉదాహరణకు డబ్బా మీద గ్రాముకు 50 కోట్లు అని ఉండి, లోపలి చెంచాలో 2 గ్రాముల పొడి పడుతుందనుకుందాం. 12 కిలోల కుక్కకు రోజుకు అర చెంచా చొప్పున వాడమని సూచన ఉంటే దానికి అందేది ఒక గ్రాము, అంటే 50 కోట్లు. తర్వాత ఆ సంఖ్య ఎప్పటిదో చూడాలి. తయారీ నాటి సంఖ్య అని ఉంటే ఇంటికి వచ్చేసరికి ఎన్ని మిగిలాయో ఎవరూ చెప్పలేరు. గడువు తేదీ వరకు అంత సంఖ్యకు హామీ అని రాసినదే నమ్మదగినది.

తయారీదారు పేరు, లాట్ నంబరు, గడువు తేదీ, నిల్వ సూచన ఇవేవీ లేని సరుకు ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. పది, పదిహేను రకాల బ్యాక్టీరియా ఉండటం కూడా గొప్పేమీ కాదు. పరిశోధన జరిగిన ఒకే ఒక స్ట్రెయిన్, గుర్తు తెలియని పదిహేనింటి కంటే మేలు.

మనుషుల మాత్రలు, పెరుగు

మనుషుల కోసం తయారైన ప్రోబయాటిక్ మాత్రలు కుక్కకు ఇవ్వవచ్చా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. స్ట్రెయిన్ పరంగా కొన్ని పనికొస్తాయి, శాక్రోమైసిస్ బౌలార్డీ అలాంటిదే. అసలు ప్రమాదం వాటిలో కలిపే ఇతర పదార్థాల్లో ఉంది. నమిలే మాత్రల్లో, చప్పరించే వాటిలో తీపి కోసం జైలిటాల్ వాడతారు. మనిషికి హాని చేయని ఈ తీపి కుక్క శరీరంలో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా ఎగదోసి, రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది. కిలో బరువుకు 0.1 గ్రాము కూడా ఇందుకు సరిపోతుంది, 0.5 గ్రాము దాటితే కాలేయం దెబ్బతినవచ్చు. అంటే పది కిలోల కుక్కకు ఒక్క గ్రామే ముప్పు తెస్తుంది. లేబుల్ మీద ఇది బర్చ్ షుగర్ అనో, ఈ 967 అనో కూడా కనిపించవచ్చు. ఏ పదార్థాలున్నాయో పూర్తిగా చదవలేని మాత్రను కుక్క నోటికి అందించకండి. పొరపాటున జైలిటాల్ ఉన్నది తినేస్తే లక్షణాలు కనిపించే వరకు ఆగకుండా వైద్యుడికి ఫోన్ చేయాలి.

పెరుగు విషయం ఇంత భయపడవలసినది కాదు. ఉప్పు, చక్కెర, రుచులు కలపని పెరుగు ఒకటి రెండు చెంచాలు చాలా కుక్కలకు అరుగుతుంది. అయితే పాలను తోడుపెట్టే బ్యాక్టీరియా అన్నీ పేగు దాకా బతికి చేరవు, వాటి స్ట్రెయిన్ ఏదో, ఎన్ని ఉన్నాయో మనకు తెలియదు. పైగా ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ సరిగ్గా పడదు. విరేచనాలతో ఉన్న కుక్కకు పెరుగు పెడితే అవి ఎక్కువయ్యే అవకాశమే ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇష్టంగా తినే చిరుతిండిగా పెట్టండి. చికిత్సగా మాత్రం దాని మీద ఆధారపడకండి.

మొదటి వారం

ప్రోబయాటిక్ ఇవ్వడం మొదలుపెట్టే రోజున కొత్త తిండి, కొత్త బిస్కెట్లు, కొత్త మందు ఏదీ జతచేయకండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల ఏం జరిగిందో తేల్చుకోలేరు. పొట్ట సున్నితంగా ఉండే కుక్కకు మొదటి రెండు రోజులు సూచించిన మోతాదులో పావు వంతు, తర్వాతి రెండు రోజులు సగం, ఆ పైన పూర్తి మోతాదు ఇవ్వడం సురక్షితం. అకస్మాత్తుగా విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇంత నెమ్మదిగా వెళ్లడానికి వ్యవధి ఉండదు, మొదటి రోజు నుంచే పూర్తి మోతాదు ఇస్తారు. ఏ సందర్భంలోనైనా మోతాదును తయారీదారు, వైద్యుడు చెప్పినదాని ప్రకారమే పాటించాలి, ఎందుకంటే అది స్ట్రెయిన్‌ను బట్టి విపరీతంగా మారుతుంది: ఎస్‌ఎఫ్ 68 వంటివాటిని రోజుకు పది కోట్ల స్థాయిలో ఇస్తుండగా, పేగువాపుపై పైన చెప్పిన ప్రయోగంలో వాడినది పది కిలోల బరువుకు పదివేల కోట్లు దాటింది.

పొడిని వేడి తిండి మీద చల్లకూడదు. తిండి గిన్నె అడుగున చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా తగలకూడదు. అప్పుడు ఒక ముద్దంత తిండి విడిగా తీసుకుని, కాసిన్ని నీళ్లు చిలకరించి, పొడిని దానిలో కలిపి ముందుగా ఆ ముద్ద తినిపించాలి. గిన్నె మొత్తంలో కలిపితే కుక్క సగం వదిలేసినప్పుడు సగం మందు కూడా వదిలేసినట్టే. పొడి కలిపిన తడి తిండిని తర్వాత పెడదామని దాచకండి. గుళికలను మింగించలేకపోతే, విప్పి కలపవచ్చో లేదో ముందు అడిగి తెలుసుకోండి. కొన్ని గుళికల పూత కడుపులోని ఆమ్లం నుంచి బ్యాక్టీరియాను కాపాడటానికే ఉంటుంది.

యాంటీబయాటిక్ వాడుతుంటే బ్యాక్టీరియా ఉన్న ప్రోబయాటిక్‌కూ దానికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం పాటించాలి. యాంటీబయాటిక్ రోజుకు రెండుసార్లయితే, రెండు మోతాదుల నడుమ మధ్యాహ్నం వేళ ప్రోబయాటిక్ పెట్టడం తేలిక. యాంటీబయాటిక్ అయిపోయాక కూడా ఒకటి రెండు వారాలు కొనసాగించడం చాలామంది వైద్యుల పద్ధతి.

మొదటి రెండు మూడు రోజుల్లో కాస్త గ్యాస్, కడుపులో గుడగుడలు రావచ్చు. మోతాదు తగ్గిస్తే అవి సర్దుకుంటాయి. కానీ మొదలుపెట్టాక విరేచనాలు పెరిగినా, వాంతులు వచ్చినా, ముఖం ఉబ్బినా, దద్దుర్లు లేచినా వెంటనే ఆపాలి. చాలా పొడుల్లో రుచి కోసం కోడి మాంసం లేదా కాలేయపు పొడి కలుపుతారు. ఎలర్జీ తేల్చుకోవడానికి నియమిత ఆహారం మీద ఉన్న కుక్కకు ఆ కొద్దిపాటి మాంసకృత్తే పరీక్షనంతా పాడుచేస్తుంది. ఈ ఒక్క కారణంతో ఆహార పరీక్షలు విఫలమవుతుంటాయి కాబట్టి, అలాంటి కుక్కకు రుచి కలపని రకాన్నే ఎంచుకోవాలి.

నిల్వ గురించి చెప్పవలసినది తక్కువే. తేమ, వేడి బ్యాక్టీరియాకు శత్రువులు. ఫ్రిజ్‌లో పెట్టమంటే పెట్టాలి, తడి చెంచా లోపల పెట్టకూడదు, మూత వెంటనే బిగించాలి. బాసిల్లస్ కోయాగులాన్స్, బాసిల్లస్ సబ్టిలిస్ వంటివి గట్టి కవచంలో నిద్రాణంగా ఉంటాయి కాబట్టి ఇవి వేడిని మిగతావాటికంటే బాగా తట్టుకుంటాయి. ప్రయాణాలకు ఇలాంటివి అనువైనవి.

పీచు తోడు కావాలి

ప్రోబయాటిక్‌కు, అంతకంటే ముఖ్యంగా స్థానిక బ్యాక్టీరియాకు, తినడానికి ఏదైనా ఉండాలి. ఇన్యులిన్, ఫ్రక్టో-ఆలిగోశాకరైడ్‌ల వంటి పీచు పదార్థాలను ప్రీబయాటిక్‌లు అంటారు. ఇవి కలిపిన ప్రోబయాటిక్‌లను సిన్‌బయాటిక్‌ల పేరుతో అమ్ముతారు. పెద్దపేగు ఇబ్బంది ఉన్న కుక్కలలో ఇసబ్‌గోల్ పొట్టు బాగా పనిచేస్తుంది. నీటిని పట్టి ఉంచి మలాన్ని ఒక రూపానికి తెస్తుంది. దాన్ని పొడిగా ఇవ్వకుండా నీటిలో నానబెట్టి తిండిలో కలపాలి, కుక్క నీళ్లు బాగా తాగేలా చూడాలి. ఉడికించిన గుమ్మడి గుజ్జు కూడా ఇదే కోవలోకి వస్తుంది; ఉప్పు, మసాలా, చక్కెర ఏవీ కలపకూడదు. ఏ పీచైనా ఎక్కువైతే గ్యాస్ తెచ్చి, మలాన్ని తిరిగి పలచబరుస్తుంది కనుక కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి.

ఫలితాన్ని కొలవడం, ఆపడం

మలాన్ని 1 నుంచి 7 వరకు అంకెలతో కొలిచే పద్ధతి పశువైద్యంలో వాడుకలో ఉంది. 1 అంటే ఎండిన గట్టి గుళికలు. 2 అంటే గట్టిగానే ఉన్నా మెత్తదనం తెలిసి, ఎత్తినప్పుడు నేల మీద దాదాపు మరక మిగలదు. 3లో రూపం నిలిచి ఉంటుంది కానీ పైన చెమ్మగా ఉండి ఎత్తినచోట అంటుకుంటుంది. 4లో మరీ మెత్తబడి, ఎత్తుతుంటే రూపు చెడుతుంది. 5లో కుప్పగా పడుతుంది, 6లో రూపమే ఉండదు, 7 పూర్తిగా నీళ్లే. 2 ఉత్తమం, 3 ఫరవాలేదు. రోజూ ఈ అంకె, ఎన్నిసార్లు వెళ్లింది, వాంతి ఉందా, తిండి ఎంత తిన్నది అన్న నాలుగు విషయాలను ఒక వరుసలో రాసి పెట్టండి. వారానికొకసారి బరువు చూడండి. జ్ఞాపకం మీద ఆధారపడితే నిన్నటి బాధే మొత్తం వారాన్ని కప్పేస్తుంది. కాగితం మీది అంకెలు అలా చేయవు, వైద్యుడికి కూడా వాటివల్ల ఎంతో పని తేలికవుతుంది.

అకస్మాత్తుగా వచ్చిన విరేచనాలకైతే మలం మామూలు స్థితికి వచ్చాక మరో రెండు మూడు రోజులు ఇచ్చి ఆపవచ్చు. దీర్ఘకాలిక సమస్యకు నాలుగు నుంచి ఆరు వారాల గడువు పెట్టుకోండి. ఆ గడువు నాటికి రాసుకున్న అంకెల్లో మార్పు లేకపోతే ఆ స్ట్రెయిన్ మీ కుక్కకు పనిచేయడం లేదని ఒప్పుకుని ఆపాలి; వైద్యుడి సలహాతో మరో రకాన్ని ప్రయత్నించవచ్చు. మార్పు కనిపిస్తే వెంటనే జీవితాంతం వాడాలని నిర్ణయించకుండా, రెండు వారాలు ఆపి చూడడం మంచిది. ఆపినప్పుడు తిరగబెట్టి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు తగ్గితే అది నిజంగా పనిచేస్తున్నట్టు. పేగు స్థానిక సమాజం ఎంత దెబ్బతిన్నదో నేరుగా తెలుసుకోవాలంటే డిస్‌బయోసిస్ ఇండెక్స్ అనే మల పరీక్ష ఉంది. ముఖ్యమైన ఏడు రకాల బ్యాక్టీరియా సమూహాలను లెక్కించి ఒక సంఖ్య ఇస్తారు. సున్నా కంటే తక్కువైతే సాధారణ స్థితి, రెండు దాటితే సమతుల్యత గట్టిగా దెబ్బతిన్నట్టు. మామూలు విరేచనాలకు ఈ ఖర్చు అక్కర్లేదు, నెలల తరబడి ఇబ్బంది పడుతున్న కుక్కకు మాత్రం దారి చూపుతుంది.

కొన్ని కుక్కలకు ప్రోబయాటిక్‌ను వైద్యుడి అనుమతి లేకుండా ఇవ్వనే కూడదు. క్యాన్సర్ మందులు తీసుకుంటున్నవి, నిరోధక శక్తిని అణిచే మందులను పెద్ద మోతాదులో వాడుతున్నవి, తీవ్రమైన క్లోమవాపుతో ఆసుపత్రిలో ఉన్నవి, రక్తనాళంలో గొట్టం అమర్చినవి ఈ కోవలోకి వస్తాయి. ఇలాంటి కుక్కల పేగు గోడ బలహీనంగా ఉన్నప్పుడు మేలు చేసే సూక్ష్మజీవి కూడా రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ కలిగించే అవకాశం ఉంటుంది. వైద్యుణ్ణి అడగడానికి వెళ్లేటప్పుడు వాడుతున్న డబ్బాను, మలం అంకెలు రాసిన కాగితాన్ని వెంట తీసుకువెళ్లండి. డబ్బా తేలేకపోతే స్ట్రెయిన్ గుర్తు, సీఎఫ్‌యూ సంఖ్య, లాట్ నంబరు, గడువు తేదీ కనిపించేలా లేబుల్ అన్ని వైపులా ఫోటో తీసి చూపించండి.